ఆడవాళ్ల తరఫున నిలబడితే నా మీదే అర్జీ పెట్టారు: ఈ పని మానేయాలా?

ప్రశ్న: మాది రాజోలు ప్రాంతంలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసేదాన్ని. అర్జీ రాయడం వచ్చు కాబట్టి కష్టంలో ఉన్న ఆడవాళ్ల వెంట స్టేషన్‌కూ, మండల ఆఫీసుకూ, కోర్టుకూ వెళ్లడం అలవాటైంది. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఇప్పుడు మూడు సంగతులు ఒకేసారి మీద పడ్డాయి. మా వీధి ఆవిడ ఒకరు కువైట్‌లో ఇంటి పనికి వెళ్లారు. నాలుగు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల దగ్గరే ఉంది, శుక్రవారం పూట ఐదు నిమిషాలు మాత్రం ఫోన్ ఇస్తే ఏడుస్తున్నారు. పంపిన ఏజెంటు ఆమెకు వరసకు మేనమామ. లక్షన్నర కడితే వెనక్కి రప్పిస్తానంటున్నాడు. రెండో ఆమెను భర్త కొడితే నేను వెంట ఉండి ఫిర్యాదు రాయించాను. పెద్దలు రామాలయం దగ్గర కూర్చోబెట్టి రాజీ చేశారు. ఆమె కాపురానికి తిరిగి వెళ్లి, ఇప్పుడు నేనే తన సంసారం వీధిన పెట్టానని అందరితో అంటోంది. మూడోది, నేను కేసుల పేరు చెప్పి కమీషన్లు తింటున్నానని ఎవరో అర్జీ పెట్టారట, ఒకసారి వచ్చి వెళ్లమని స్టేషన్ నుంచి ఫోన్ చేస్తున్నారు. ఆడపిల్ల ఎదుగుతోంది, ఊరి గొడవలు మనకెందుకని మావారు అంటున్నారు. ఈ పని మానేయాలా? మానకపోతే ఎలా చేయాలి? సంఘం రిజిస్టర్ చేయిస్తే రక్షణ ఉంటుందా? (పేరు, ఊరు ప్రచురించవద్దు.)

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నల వరస మార్చి జవాబు చెబుతున్నాను. మానేయాలా వద్దా అన్నది నిదానంగా ఆలోచించుకోవచ్చు గాని, కువైట్‌లో ఉన్న ఆమె పని నిదానించదు. అందువల్ల ముందు ఆమె సంగతి.

ఏజెంటుకు లక్షన్నర కట్టవద్దని ఆమె ఇంటివాళ్లకు ఈ రోజే చెప్పండి. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల విషయంలో సాధారణంగా అక్కడి యజమాని ముందుగా డబ్బు చెల్లిస్తాడు, అందులో ఇక్కడి ఏజెంటుకు వాటా ముడుతుంది. మనిషి మధ్యలో తిరిగి వస్తే ఆ డబ్బు వాపసు ఇవ్వవలసి వస్తుందని ఏజెంటు భయపడి, ఆ భారాన్ని ఆమె కుటుంబం మీదికి నెడతాడు. లక్షన్నర అన్న అంకె అక్కడి నుంచి పుట్టిందే అయి ఉంటుంది. దానికి రసీదు ఉండదు, కట్టిన తరువాత ఆమె వస్తుందన్న హామీ ఉండదు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారి నుంచి నియామక ఖర్చు వసూలు చేయడాన్ని నిషేధించింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలనీ, ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదనీ అదే చట్టం చెబుతోంది. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు. అంటే ఆమె అడుగుతున్నది దయ కాదు, ఆ దేశపు చట్టమే ఆమెకు ఇచ్చిన హక్కు.

ఇక ఆ శుక్రవారం ఐదు నిమిషాల మాట. ఏడుపు వినడం మీకు ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు, అయినా ఆ ఐదు నిమిషాలను వృథా పోనివ్వకండి. ఫోన్ రాకముందే కాగితం, కలం దగ్గర పెట్టుకుని, అడగవలసినవి వరసగా రాసి ఉంచుకోండి. కువైట్‌లో చిరునామా అంటే ప్రాంతం పేరు, బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. ఆమెకు అరబ్బీ చదవడం రాకపోయినా చెత్త బయట వేయడానికి వెళ్లినప్పుడు గోడ మీది పలకపై అంకెలు చూసి గుర్తుపెట్టుకోగలదు. వచ్చే శుక్రవారం ఆ అంకెలు అడగండి. ఆ పై వారం సివిల్ ఐడీ (కువైట్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) నంబరు, యజమాని పూర్తి పేరు, అతని ఫోన్ నంబరు. ఆ తరువాత ఒంటి మీద చెయ్యి వేస్తున్నారా, తిండి సరిగా పెడుతున్నారా, తలుపు తాళం వేసి ఉంచుతున్నారా అన్నది. వీటికి అవును, కాదు అని చెప్పగలిగేలా మీ ప్రశ్నలు ఉండాలి, ఎందుకంటే పక్కన ఎవరో నిలబడి వింటూ ఉండవచ్చు. కొట్టడం గాని, అంతకు మించిన అఘాయిత్యం గాని జరుగుతోందని తెలిస్తే మిగతా వివరాల కోసం ఆగకండి, ఉన్నవాటితోనే ఆ రోజే ఫిర్యాదు పంపండి.

ఆ వివరాలతోపాటు పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, వీసా నకలు, ఇంటికి డబ్బు పంపినప్పటి బ్యాంకు కాగితాలు, ఏజెంటుతో జరిగిన వాట్సాప్ సంభాషణ జతచేసి, విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. నమోదు కాగానే ఒక నంబరు వస్తుంది. అక్కడి నుంచి మీ మాటలన్నీ ఆ నంబరు చుట్టూ నడవాలి. కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి, ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీకి (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ), జిల్లా కలెక్టరుకు సోమవారం అర్జీల్లో పెట్టే కాగితాల మీద కూడా ఆ నంబరే వేయాలి. రాయబార కార్యాలయం ఆధ్వర్యంలో ఇంటి పనివారైన మహిళలకు ఆశ్రయం ఉంది, టికెట్ కొనుక్కోలేనివారికి ఖర్చు భరించడానికి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అయితే ఆమె ఇల్లు దాటి బయటికి వస్తే పారిపోయిందని యజమాని కేసు పెట్టే అవకాశం ఉంటుంది. బయటికి రావాలా, ఎప్పుడు రావాలి అన్నది రాయబార కార్యాలయం వారితో మాట్లాడిన తరువాత ఆమే నిర్ణయించుకోవాలి, మీరు గాని ఆమె భర్త గాని ఇక్కడి నుంచి 'వచ్చేసెయ్' అని చెప్పవద్దు. ఆమె ఏడుస్తూ పంపిన వీడియో ఉంటే దాన్ని గ్రూపుల్లో పెట్టకండి. అది చుట్టూ తిరిగి అక్కడి యజమాని కంట పడితే ఆ ఐదు నిమిషాల ఫోన్ కూడా పోతుంది.

ఆ మేనమామ విషయానికొస్తే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను విదేశీ పనికి పంపడం నేరం. పదో తరగతి పాస్ కాని మహిళలను గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి పంపాలంటే వయసు 30 నిండి ఉండాలి, 2016 నుంచి అది ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. మన రాష్ట్రంలో అటువంటి సంస్థ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. ఈ సంగతి అతనికి మర్యాదగా తెలియజేస్తే పాస్‌పోర్టు వెనక్కి ఇప్పించడంలో అతనే కదులుతాడు. బంధుత్వం చెడుతుందని ఇంటివాళ్లు జంకుతారు. ఆమె క్షేమంగా తిరిగి వచ్చాక అతని మీద కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె చెబుతుంది, అంతవరకు మీరు కేసు అనే మాట ఎత్తవలసిన పని లేదు.

ఇక్కడే మీ మూడు సంగతులనూ కలిపే మాట ఒకటి చెప్పాలి. మన డెల్టా ఊళ్లలో బతుకు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. కౌలు నోటిమాటే, చిట్టీ నోటిమాటే, కట్నం లెక్క నోటిమాటే, గల్ఫ్ ప్రయాణమూ నోటిమాటే. తగవులో చెప్పిన తీర్పు నోటిమాట, స్టేషన్‌లో చేసే 'కౌన్సెలింగ్' నోటిమాట. ఇద్దరు సమానులైనప్పుడు నోటిమాట చెల్లుతుంది. ఒకరికి భూమి, మంది, పలుకుబడి ఉండి, రెండోవారు ఒంటరి ఆడదైనప్పుడు, మాట ఎవరిదైనా జనానికి గుర్తుండేది మాత్రం బలవంతుడికి అనుకూలంగానే ఉంటుంది. మీరు ఇంతకాలం ధైర్యంతో పని చేశారు, సంతోషం. కాని మీ వెంట వచ్చిన ఆడవాళ్లను రేపు కాపాడేది, మిమ్మల్ని కూడా కాపాడేది, మీ ధైర్యం కాదు. తేదీ వేసి, సంతకం పెట్టి, రసీదు తీసుకున్న కాగితం.

భర్త కొట్టిన ఆమె విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె తిరిగి వెళ్లినందుకు మీరు నొచ్చుకున్నారని ఉత్తరంలోని ప్రతి వాక్యమూ చెబుతోంది. కాని ఆమె ఎక్కడికి వెళ్లగలదో ఒకసారి ఆలోచించండి. పుట్టింట్లో తల్లిదండ్రులు పెద్దవాళ్లై ఉంటారు, తమ్ముడి కాపురం అదే ఇంట్లో ఉంటుంది. పిల్లల బడి ఈ ఊళ్లో. రొయ్యల షెడ్డుకు వెళ్తే తెల్లవారుజామున బస్సు ఎక్కాలి, పిల్లలను ఎవరు చూస్తారు? లేసు అల్లితే వచ్చే కూలి ఇల్లు గడవడానికి చాలదు. ఇటువంటి స్థితిలో కాపురానికి వెళ్లడం ఆమె ఓటమి కాదు, మీ ఓటమి అసలే కాదు. కొట్టించుకున్న ఆడవాళ్లలో చాలామంది ఒకటికి రెండుసార్లు తిరిగి వెళ్తారు, ఒక్కొక్కసారి బయటికి వచ్చినప్పుడు ఒక్కొక్క సంగతి తెలుసుకుంటారు. మళ్లీ కాపురంలో నిలవాలంటే ఎవరి మీదైనా నేరం మోపక తప్పదు, భర్త మీద మోపలేదు, పెద్దల మీద మోపలేదు, మిగిలింది మీరు. ఆమె మిమ్మల్ని తిట్టడం ఆ ఇంట్లో ఆమె కట్టుకుంటున్న కప్పం అనుకోండి. ఎదురుపడితే మామూలుగా పలకరించండి. కేసు మాట ఎత్తకండి, నలుగురిలో సమాధానం చెప్పుకోకండి. మళ్లీ దెబ్బ తగిలిన రాత్రి ఆమె ఎవరి తలుపు తట్టగలదన్నది మీ ఇప్పటి ప్రవర్తన మీద ఆధారపడి ఉంది.

ఆ రాజీ కాగితం మాత్రం సంపాదించండి. ఇటువంటి కాగితాలు మీరు చూసే ఉంటారు: స్టాంపు కాగితం మీద, ఇకమీదట అన్యోన్యంగా కాపురం చేసుకుంటామని, భార్య మళ్లీ పోలీసుల దగ్గరకు వెళ్లదని, కింద పెద్దల సాక్షి సంతకాలు. మళ్లీ ఫిర్యాదు చేయదన్న ఆ షరతుకు చట్టంలో విలువ లేదు. కాని ఆ కాగితంలోనే భర్త 'ఇకపై కొట్టను' అని రాసి ఉంటే, ఇంతకుముందు కొట్టాడన్న సంగతికి అతని సంతకంతోనే సాక్ష్యం దొరికినట్టు. పెద్దలు రాయించిన కాగితం ఆమెకు ఉపయోగపడేది ఈ ఒక్క రకంగానే. ఆమె ఇష్టపడితే ఆ నకలు మీ దగ్గర ఉంచండి, ఇష్టపడకపోతే ఫోన్‌లో ఫొటో తీసి ఆమె అక్కచెల్లెళ్లలో ఎవరికైనా పంపించుకోమనండి.

తగవుల మీద నా అభిప్రాయం దాచుకోను. గట్టు తగాదాకో, నీటి వంతుకో పెద్దమనుషులు పనికివస్తారు. ఆడమనిషి ఒంటి మీద పడిన దెబ్బకు తీర్పు చెప్పే అధికారం రామాలయం అరుగుకు లేదు. ఆ తగవులో భర్త, అతని అన్నదమ్ములు, సాక్షులు, తీర్పరులు అందరూ కూర్చుని ఉంటే, ఆమె ఒక్కతే స్తంభం పక్కన నిలబడి ఉంటుంది. ఆమె అక్కడికి వెళ్లక తప్పని పరిస్థితి వస్తే కనీసం ఇద్దరు ఆడవాళ్లను వెంట తీసుకుని వెళ్లేలా చూడండి, సంతకం అదే రోజు పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని చదువుకుంటానని చెప్పమనండి. దెబ్బ తిన్నది దళిత స్త్రీ అయి, చేసినవాడు పై కులస్థుడైతే తగవు మాటే పొసగదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయవలసిన నేరం అది, రాజీకి ఒత్తిడి తేవడమే మరొక ముప్పు.

మళ్లీ చెయ్యి చేసుకున్నాడని ఆమె వస్తే చేయవలసినది ఇదీ. మొదట ప్రభుత్వ ఆసుపత్రి. మెట్ల మీద జారిపడ్డానని చెప్పకుండా, ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారో డాక్టరుకు చెబితే దాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుకు పనికివచ్చే గాయాల నమోదుగా రాస్తారు. కమిలిన మచ్చ మానిపోతుంది, ఆ రాత మాత్రం చాలా ఏళ్ల తరువాత కోర్టులో పలుకుతుంది. రెండోది 2005 నాటి గృహహింస నిరోధక చట్టం. చాలామంది దీన్ని భర్తను జైలుకు పంపే కేసనుకుని భయపడతారు, కాని అది ప్రధానంగా ఆమెకు రక్షణ, నివాసం, భరణం, పిల్లల కస్టడీ ఇప్పించే చట్టం. ఆ ఇల్లు మామగారి పేరు మీద ఉన్నా, కాపురం అక్కడే చేసింది గనుక చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఆమెను గెంటివేయడానికి వీలులేదు. అత్తమామల సొంత ఇంట్లో కూడా కోడలికి నివాస హక్కు ఉండవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహుజా కేసులో తేల్చి చెప్పింది. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉండే రక్షణ అధికారి గృహహింస నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపాలి. మొదటి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లో పడాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. వాస్తవంలో అంతకంటే ఆలస్యమవుతుంది, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి. తుది తీర్పుకు ముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వమని 23వ సెక్షన్ కింద అడగవచ్చు, ఆ అడగడం మరచిపోయినందువల్లే చాలా కేసుల్లో ఆడవాళ్లు చేతిలో పైసా లేకుండా ఏడాది పొడవునా తిరుగుతారు.

మీ ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం, అంటే మరో జిల్లా. ఇటు ఇచ్చిన పిల్ల అటు పుట్టింటికి చేరితే, అక్కడి స్టేషన్ వాళ్లు 'అది కోనసీమ కేసు' అంటారు, ఇక్కడివాళ్లు 'అమ్మాయి అక్కడ ఉందిగా' అంటారు. ఏ గట్టు మీదా కాగితం పుట్టదు. గృహహింస చట్టం కింద ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటి కోర్టులోనూ దరఖాస్తు పెట్టవచ్చు. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద క్రిమినల్ కేసు కూడా ఆమె ఆశ్రయం పొందిన చోట నడపవచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో చెప్పింది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ముందు నమోదు చేసి తరువాత సంబంధిత స్టేషన్‌కు పంపాలని 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి ఆ జవాబు విని వెనక్కి రావద్దు. కుటుంబ తగాదాల్లో కేసు కట్టేముందు పోలీసులు ప్రాథమిక విచారణ చేయవచ్చు, దానికి కూడా గడువు ఉంది, నెలల తరబడి కౌన్సెలింగ్ పేరుతో తిప్పడం కుదరదు. ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపించండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు. పోస్టాఫీసు రసీదును ఫిర్యాదు నకలుకు పిన్ను కొట్టి దాచండి.

వకీలు ఖర్చుకు భయపడవద్దని కూడా చెప్పండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళ అయితే చాలు, ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలే. అమలాపురం, రాజోలు వంటి కోర్టులున్న చోట్ల మండల న్యాయ సేవా కమిటీలు ఉంటాయి, 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు. అర్ధరాత్రి ఆశ్రయం కావలసి వస్తే 181, ప్రాణం మీదికి వస్తే 112.

ఇక మీ మీద పెట్టిన అర్జీ. ఒకసారి వచ్చి వెళ్లమని ఫోన్‌లో పిలిస్తే వెళ్లవలసిన బాధ్యత మీకు లేదు. సాక్షిగా విచారించాలంటే మహిళను ఆమె నివాసంలోనే విచారించాలని సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. మీ మీదే ఆరోపణ ఉంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మర్యాద తప్పకుండా, 'నోటీసు ఇప్పించండి, అందులో చెప్పిన తేదీన మా న్యాయవాదితో కలిసి హాజరవుతాను' అని ఒక లేఖ రాసి స్టేషన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆ లేఖ ఇవ్వడానికి కూడా ఒంటరిగా వెళ్లవద్దు. అర్జీ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అర్జీ పెట్టింది ఎవరో ఊహించి ఊళ్లో పేర్లు అనడం మాత్రం వద్దు, ఆ ఊహ తప్పయితే మీరు సంపాదించుకున్న మంచిమాటంతా ఒక్క పూటలో పోతుంది.

గృహహింస చట్టం 4వ సెక్షన్‌ను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మీ సంచిలో పెట్టుకోండి. హింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు, సదుద్దేశంతో ఇచ్చినవారి మీద సివిల్ గాని, క్రిమినల్ గాని బాధ్యత మోపడానికి వీలులేదు. ఇది మీ వంటివారి కోసమే రాసిన సెక్షన్.

కమీషన్ల మాట వేరు. అది అబద్ధమని మీకు, నాకు తెలిస్తే చాలదు, పుస్తకం తెరిచి చూపగలగాలి. ఇన్నాళ్లు డ్వాక్రా లెక్కలు రాసిన చేయి మీది, ఈ పనికి మాత్రం లెక్క రాసి ఉండరని నా అనుమానం. ఈ రోజే ఒక నోటు పుస్తకం కొనండి. ఎవరి వెంట ఏ ఆఫీసుకు వెళ్లారు, ఆటో, పంటు ఖర్చు ఎంత, ఎవరు పెట్టుకున్నారు, ఏ అధికారికి ఏ కాగితం ఇచ్చారు, ఏ నంబరు వచ్చింది, చివర ఆ మహిళ సంతకం లేదా వేలిముద్ర. ప్రయాణ ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలి. భరణం డబ్బు గాని, రాజీ సొమ్ము గాని ఒక్క రాత్రికైనా మీ ఇంట్లో ఉండకూడదు, నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. పని అయ్యాక కృతజ్ఞతతో చీర పెడతారు, అరటి గెలో, కొబ్బరికాయల బస్తానో గుమ్మంలో దించి వెళ్తారు. మన వైపు అది మర్యాద, కాదంటే చిన్నబుచ్చుకుంటారు. అయినా వద్దని చెప్పండి, ఆ గెల వీధి చివరికి చేరేలోపే కమీషన్ అవుతుంది. పుస్తకాన్ని తాళం వేసి ఉంచండి, అత్యాచారానికి గురైనవారి గుర్తింపు బయటపడేలా ప్రచురించడం నేరమని గుర్తుంచుకుని, అటువంటి వివరాలు అందులో రాయకండి.

మీవారి భయాన్ని కొట్టిపారేయకండి. ఎదిగే పిల్ల ఉన్న తండ్రికి ఊరి మాట బరువుగానే ఉంటుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి తానే నీళ్లు మోసి తెచ్చి పెళ్లివారికి వండి పెట్టారు. ఇంట్లో ఆ తోడు లేకపోతే ఆ పెళ్లి ఆ రోజు జరిగేది కాదు. మీ ఇంట్లో ఆ తోడు ఆయన నుంచి రావాలి, అది వాదించి రాబట్టేది కాదు. ఒక్క వాయిదాకు మీతోపాటు అమలాపురం రమ్మని అడగండి. కోర్టు వరండాలో పిల్లను చంకనేసుకుని పేరు పిలిచేదాకా నిలబడే ఆడవాళ్లను ఆయన స్వయంగా చూడాలి. మీరు రాసే పుస్తకాన్ని ఆయనకు చూపించండి, పేర్లు కప్పి. రాత్రి పూట ఎవరైనా తలుపు తడితే మీరు ఒక్కరే వెళ్లరని, వేకువలో లేదా సాయంత్రం ఏ ఇంటికి వెళ్లినా మరొకరిని తీసుకుని వెళ్తారని మాట ఇవ్వండి. అది ఆయన కోసం మాత్రమే కాదు, మీ ప్రాణానికి కూడా అవసరం.

మానేయాలా అని అడిగారు. ఒంటరిగా చేస్తున్న పనిని మానేయండి. దాన్ని పదిమంది పని చేయగలిగితే కొనసాగించండి, చేయలేకపోతే కొంతకాలం ఆగండి. ఈ రెండింటికి మధ్య దారి నాకు కనబడడం లేదు. ఒక్క మనిషి మీద నిలబడిన పనిని ఆపాలంటే ఆ ఒక్క మనిషి పేరు పాడుచేస్తే సరిపోతుంది, మీ విషయంలో వాళ్లు చేస్తున్నది అదే.

సంఘం రిజిస్ట్రేషన్ వల్ల రక్షణ ఉంటుంది, కొంత పని కూడా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు సభ్యులు ఉంటే చాలు. రిజిస్టర్ అయిన సంఘం గృహహింస చట్టం 10వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం దగ్గర సేవా ప్రదాతగా నమోదు చేసుకోవచ్చు. అప్పుడు గృహహింస నివేదికను మీ సంఘమే రాసి మేజిస్ట్రేటుకు, రక్షణ అధికారికి పంపగలదు, బాధితురాలిని ఆసుపత్రికి, ఆశ్రయానికి చేర్చగలదు, ఆ చట్టం కింద సదుద్దేశంతో చేసిన పనికి మీ మీద దావాలు చెల్లవు. ప్రతి ఏటా లెక్కలు, సభ్యుల జాబితా సమర్పించాలి. మీకు అది కష్టం కాదు.

ఆ ఏడుగురిని ఎంచుకోవడంలో తొందరపడకండి. గల్ఫ్‌లో పని చేసి తిరిగి వచ్చినవారు ఒకరు ఉండాలి, కువైట్ ఇంట్లో మాట ఎలా దాచాలో, ఎలా చేరవేయాలో వారికి తెలిసినంత మనకు తెలియదు. రొయ్యల షెడ్డులో పని చేసేవారు ఒకరు, పేట నుంచి ఇద్దరు, రిటైరైన టీచరమ్మ గాని నర్సమ్మ గాని దొరికితే ఒకరు. అందరూ ఒకే కులం, ఒకే పార్టీ కాకుండా చూడండి. పెద్దల్లో ఎవరి భార్యనైనా గౌరవాధ్యక్షురాలిని చేయమని ఒత్తిడి వస్తుంది, ఒప్పుకోవద్దు. కాపురానికి తిరిగి వెళ్లిన ఆ చెల్లెలిని ఇప్పుడు అడగకండి. కువైట్ ఫిర్యాదుకు నంబరు వచ్చాక, మీ లేఖ మీద స్టేషన్ ముద్ర పడ్డాక, ఆ రెండు నకళ్లు పత్రికకు పంపండి. తరువాత వేయవలసిన అడుగు వాటిని చూసి రాస్తాను.